దొరికిన తాళపుచెవి

మొన్నటి వేసవిలో మా కోట గ్రామమున నొక విద్యార్థి ఇనుప తాళపుచెవి నొకదానిని మాయొద్దకుఁ దెచ్చెను. పాడుమండపము క్రింద ధన మున్నదని యెవరో చెప్పఁగా, నాతని తండ్రి అప్పు చేసి నాలుగు రాత్రులు త్రవ్వించెనఁట. దొరికినది ఈ చెవి యొక్కటే. దీని పెట్టె యింకను లోతున నున్నదని నమ్మి, ఆయన మరల త్రవ్వింప నుద్యుక్తుఁడై యుండెను. "అయ్యవారూ, ఇది యే కాలముది? ఎంత ధర పలుకును?" అని బాలుఁ డడిగెను.

వస్తువే కొంత బదులు చెప్పును. లోనికిఁ దోసి ఉక్కురేకులను నొక్కెడు చెవి యొక తెఱఁగు. మరచుట్లు గలది వేఱొకటి. కొసను రెక్క గలిగి తిరుగునది మఱియొకటి. పలుచనై యంచున పండ్లు గలదియైనచో, అమెరికా దేశీయుఁడగు లైనస్ యేల్ 1861లో హక్కుపత్రము పొందిన తాళముల జాతికిఁ జేరును. బాలుఁడు తెచ్చినది రెక్క చెవి. ఇట్టివి వందల యేండ్లు ఇంచుమించుగా నొకే రూపునఁ జేయఁబడినవి. కావున ఏ లోతున, ఏ పెంకుల నడుమ, ఏ నాణెము ప్రక్కను దొరికెనో తెలిసిననే దాని కాలము తెలియును. మాకు దక్షిణమున దుర్గరాజపట్టణమున 17వ శతాబ్దపు పూర్వార్ధమున ఆంగ్లవర్తకులు కోట గట్టుకొని యుండిరి. 1639లో చెన్నపట్టణపు స్థలమును సంపాదించిన ఫ్రాన్సిస్ డే అచ్చటి యధికారియే. ఈ చెవి వారి గిడ్డంగిదో, నిన్నమొన్నటి రైతు పెట్టెదో? చెప్పఁగల మన్నును పార తలక్రిందులు చేసినది.

ఇట్టి నష్టము మన సీమకుఁ గ్రొత్త గాదు. నెల్లూరి చేరువ నొక కృషీవలుఁడు రాతిగుట్ట ప్రక్కను దున్నుచుండఁగా నాఁగలి యిటుక కట్టడమునకుఁ దగిలెను. చిన్నగుడి శిథిలముల క్రింద నొక కుండలో రోమక చక్రవర్తులగు ట్రాజను, హేడ్రియనుల కాలపు బంగారు నాణెములు దొరికెను. ఆతఁడు వానిని పాతబంగారమని యమ్మెను. పెక్కులు మూసలోఁ గరఁగిపోయెను. ముప్పదికిఁ బైగా మాత్రము నవాబు అమీర్ ఉల్ ఉమరా చేతఁ జిక్కెను. చెన్నపురి గవర్నరు పదవిని నిర్వహించిన అలెగ్జాండర్ డేవిడ్సను 1787లో వ్రాసిన లేఖవలన నింతమాత్రమైనఁ దెలిసినది. ఆ రైతు తెలియక చేసెను; తెలిసి రాత్రులు త్రవ్వువారి నేమందుము?

1878వ సంవత్సరపు నిధుల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన నిధి దొరికినవారు కలెక్టరునకుఁ దెలుపవలెను, దాఁచుట శిక్షార్హము. హక్కుదారు లెవరును తేలక, వేఱు ఒప్పందమును లేనియెడల, కనుఁగొన్నవానికి నాల్గింట మూఁడు పాళ్లును స్థలము గలవానికి మిగిలిన పాలును జెందును. న్యాయముగా వచ్చుదానికి చీఁకటి యేల?

ఆ చెవికిఁ బాతయినుము ధరకు మించి రాదని తండ్రికి స్పష్టముగాఁ జెప్పితిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప, "వడ్డీకి ఆవు నమ్మితినయ్యా" అనెను. మా కేమియుఁ దోఁచలేదు. బాలుని మాత్రము చెవిని చింతపండుతోఁ దోమవలదనియు, దొరికిన తావును లోతును తండ్రి నడిగి వ్రాసియుంచు మనియుఁ జెప్పితిమి. మఱునాఁడు వాఁడు కాగితము తెచ్చెను. లోతు తెలిపిన వ్రాఁత తండ్రిదే. ఆ మండపము క్రింద మరలఁ బార పడలేదు.

ఇండ్లలోఁ బిల్లలకు నిధులకథలు చెప్పు తల్లిదండ్రులు ఈ కథనుగూడఁ జెప్పుదురు గాక.