అండమాన్ నికోబార్ దీవుల్లో నర్సింగ్ వృత్తి, భాగస్వామ్య పాలన

ఆసుపత్రిలో రోగి సంరక్షణకు సంబంధించిన నిర్ణయాల్లో మంచం పక్కన పనిచేసే నర్సులకు అధికారం, బాధ్యత రెండూ ఉండే ఏర్పాటును భాగస్వామ్య పాలన అంటారు. 31 దీవుల్లో జనం నివసించే అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ భావనకు రెండు ముఖాలు ఉన్నాయి. దూరపు దీవిలోని ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు చాలాసార్లు ఒంటరిగానే నిర్ణయం తీసుకోవాలి. రాజధానిలోని పెద్దాసుపత్రిలోనేమో నిర్ణయాలు అధికార శ్రేణి పైమెట్టు నుంచి వస్తాయి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఇక్కడి నర్సింగ్ చరిత్ర.

భావన పుట్టుక

ఆధునిక నర్సింగ్ సైన్యపు క్రమశిక్షణ నీడలో పెరిగింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణాలయం నెలకొల్పింది. మేట్రన్, వార్డు సిస్టర్, నర్సు అనే మెట్ల వరుస అక్కడి నుంచే ప్రపంచమంతా వ్యాపించింది. మన దేశంలో సైనిక ఆసుపత్రుల కోసం శిక్షణ పొందిన బ్రిటిష్ నర్సులు 1888లో వచ్చారు. ఆజ్ఞ పైనుంచి రావడం, కింద అమలు కావడం ఆ పద్ధతికి ప్రాణం. అంటురోగాల కాలంలో అది ఎన్నో ప్రాణాలు కాపాడింది. అయితే వార్డులో రోజంతా గడిపే మనిషికి తెలిసిన సంగతి పైకి చేరే దారి మాత్రం అందులో ఇరుకు.

ఆ దారిని వెడల్పు చేసే ప్రయత్నం 20వ శతాబ్దం చివరి పాదంలో అమెరికాలో జరిగింది. నర్సుల కొరత తీవ్రంగా ఉన్న రోజుల్లోనూ కొన్ని ఆసుపత్రులను నర్సులు వదిలి వెళ్లడం లేదు. కారణం తెలుసుకోవడానికి అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ అధ్యయనం చేసి, 1983లో అలాంటి 41 ఆసుపత్రులను గుర్తించింది. నర్సులను అయస్కాంతంలా పట్టి ఉంచుతాయని వాటికి ‘మాగ్నెట్’ ఆసుపత్రులని పేరు వచ్చింది. వృత్తి విషయాల్లో నర్సుల మాటకు విలువ ఉండడం వాటిలో కనిపించిన ముఖ్య లక్షణాల్లో ఒకటి. 1984లో టిమ్ పోర్టర్ ఓగ్రేడీ, షారన్ ఫినిగన్ కలిసి రాసిన పుస్తకం భాగస్వామ్య పాలనకు స్పష్టమైన రూపమిచ్చింది. భాగస్వామ్యం, సమానత, జవాబుదారీతనం, ‘ఇది మా పని’ అనే సొంతభావం ఈ విధానానికి నాలుగు మూలసూత్రాలు.

ఆచరణలో ఇది మండళ్ల రూపంలో నడుస్తుంది. వార్డు నర్సులు తమలోంచి ప్రతినిధులను ఎన్నుకుంటారు. ఒక మండలి సంరక్షణ పద్ధతులను, ఒకటి నాణ్యతను, మరొకటి శిక్షణను చూస్తుంది. వీటన్నింటినీ కలిపే సమన్వయ మండలి ఒకటి ఉంటుంది. మంచంపుండ్లు రాకుండా రోగిని ఎన్ని గంటలకోసారి తిప్పాలి, షిఫ్టు మారేటప్పుడు రోగి వివరాలు ఎలా అప్పగించాలి, ఏ గ్లవ్స్ కొనాలి వంటి విషయాలు అక్కడ తేలతాయి. మందు రాయడం, శస్త్రచికిత్స నిర్ణయించడం వైద్యుల పనిగానే ఉంటాయి. ఒక ఆసుపత్రిలో ఈ పాలన ఏ మేరకు ఉందో కొలవడానికి రాబర్ట్ హెస్ 1998లో 86 ప్రశ్నల సూచిక తయారుచేశాడు.

శిక్షాద్వీపపు ఆసుపత్రులు

అండమాన్‌లో ఆసుపత్రుల చరిత్ర ఖైదీలతోనే మొదలైంది. 1857 తిరుగుబాటు తరువాత 1858 మార్చి 10న 200 మంది ఖైదీలతో ‘సెమిరామిస్’ ఓడ పోర్ట్ బ్లెయిర్ చేరింది. ఆ శిక్షాస్థావరపు తొలి సూపరింటెండెంట్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ స్వయంగా వైద్యుడు, అంతకు ముందు ఆగ్రా జైలు అధికారి. అడవి నరికే పనిలో, మలేరియాతో, విరేచనాలతో ఖైదీలు పెద్ద సంఖ్యలో చనిపోయారు. స్థావరపు ఆసుపత్రుల్లో రోగులకు పరిచర్య చేసినవాళ్లలో ఖైదీలూ ఉన్నారు. నర్సింగ్ అనే వృత్తి ఈ దీవులకు రాకముందే నర్సు చేయాల్సిన పని ఇక్కడ జరిగింది. ఆ పని చేసినవారికి మాత్రం హోదా లేదు, వారి మాటకు చెల్లుబాటు లేదు.

1942 మార్చి నుంచి 1945 అక్టోబరు దాకా దీవులు జపాన్ సైన్యం చేతిలో ఉన్నాయి. వైద్యుడు, పంజాబీ కవి దివాన్ సింగ్ కాలేపానీ ఆ సైన్యం పెట్టిన చిత్రహింసలకు 1944 జనవరిలో మరణించారు. ఆదేశాలకు తలవంచని వైద్యసేవకు ఈ దీవులు చెల్లించిన మూల్యాల్లో అదొకటి.

జైలు ఆవరణలో పెద్దాసుపత్రి

1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలుకు ఏడు రెక్కలుండేవి. ఇప్పుడు మిగిలినవి మూడు. ఆ ఆవరణలోనే 1963లో గోవింద్ వల్లభ్ (జి.బి.) పంత్ ఆసుపత్రి ఏర్పడింది. ఒక్కో ఖైదీని ఒక్కో గదిలో బంధించి, మనిషి గొంతు మరో మనిషికి వినపడకుండా చేయడానికి కట్టిన చోట రోగి మూలుగు వినగానే మనిషి పరుగెత్తి వచ్చే వార్డులు వెలిశాయి. మిగిలిన జైలు భవనాన్ని 1979 ఫిబ్రవరి 11న జాతీయ స్మారకంగా జాతికి అంకితం చేశారు.

ఇప్పుడు ఈ ఆసుపత్రే దీవులన్నింటికీ చివరి ఆశ్రయం. ఉత్తరాన మాయాబందర్‌లో రాజేంద్రప్రసాద్ ఆసుపత్రి, కార్ నికోబార్‌లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆసుపత్రి ఉన్నా, గడ్డు కేసులు ఓడ మీదో హెలికాప్టర్ మీదో ఇక్కడికే వస్తాయి. ఇక్కడా తీరనివి సముద్రం దాటాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నైకి, విశాఖపట్నానికి సముద్రమార్గం దాదాపు 1,200 కిలోమీటర్లు. 2015లో మొదలైన వైద్య కళాశాలకు ఈ ఆసుపత్రి అనుబంధంగా మారాక నర్సుల బాధ్యత మరింత పెరిగింది. రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది.

ఒంటరి నిర్ణయపు దీవులు

పెద్దాసుపత్రిలో నర్సుకు పక్కన వైద్యుడు, పైన సిస్టర్ ఉంటారు. దూరపు దీవిలోని ఉపకేంద్రానికి సముద్రం పోటెత్తితే పడవ రాదు. ప్రసవం కష్టమైతే ఎప్పుడు పంపాలి, పంపేలోగా ఏం చేయాలి అన్నది అక్కడి ఏఎన్ఎం (సహాయక నర్సు, మంత్రసాని) తేల్చుకోవాలి. వృత్తిపరమైన స్వయం నిర్ణయం పుస్తకాల్లోకి రాకముందే ఈ దీవుల్లో అవసరంగా ఉంది.

దీనికి తిరుగులేని ఉదాహరణ శాంతి థెరిసా లక్రా. మధ్య అండమాన్‌లోని రంగత్ ప్రాంతంలో, రాంచీ వైపు నుంచి వలస వచ్చిన ఆదివాసీ కుటుంబంలో పుట్టిన ఆమె 2001లో లిటిల్ అండమాన్‌లోని డుగాంగ్ క్రీక్‌లో ఏఎన్ఎంగా చేరారు. అక్కడ నివసించేది ఓంగీ ఆదివాసులు. 2011 జనగణన నాటికి వారి సంఖ్య 101. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఓంగీలు ఎత్తైన అడవిలోకి వెళ్లి ప్రాణాలు దక్కించుకున్నారు. లక్రా వారిని వదలలేదు. అడవి దారుల్లో నడిచి మందులు చేర్చారు, వారి మధ్యే ఉండి పరిచర్య చేశారు. 2010లో జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారం, 2011లో పద్మశ్రీ ఆమెను వరించాయి. తరువాత జి.బి. పంత్ ఆసుపత్రిలో ఆదివాసీ రోగుల సంరక్షణ చూశారు. ఆరోగ్యవ్యవస్థ మెట్లలో ఏఎన్ఎం హోదా దాదాపు చివరిది. జాతి గుర్తించిన సేవ ఆ చివరి మెట్టు నుంచే వచ్చింది.

ఆదివాసుల వార్డులో నేర్చిన పాఠం

1996లో కాలు విరిగిన ఒక జరవా ఆదివాసీ కుర్రవాడిని జి.బి. పంత్ ఆసుపత్రికి తెచ్చారు. అప్పటిదాకా జరవాలు బయటివారిని దూరంగా ఉంచినవారు. నెలల తరబడి చికిత్స పొంది అతను అడవికి తిరిగి వెళ్లాడు. మరుసటి ఏడాది నుంచి జరవాలు తమంతట తాము బయటికి రావడం మొదలైంది. 1999లో వారిలో తట్టు ప్రబలినప్పుడు కదంతలా ఆసుపత్రి వారితో నిండింది. 2020 ఆగస్టులో గ్రేట్ అండమానీలలో కొందరికి కోవిడ్ సోకినప్పుడు వైద్య బృందాలు స్ట్రెయిట్ దీవికి వెళ్లాయి.

ఇలాంటి రోగిని చూసుకునే పద్ధతి ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. భాష తెలియని, మంచం అలవాటు లేని, కొత్త వ్యాధులను తట్టుకునే శక్తి తక్కువగా ఉన్న మనిషితో ఎలా మెలగాలో పగలూ రాత్రీ దగ్గరుండి చూసేవారికే తెలుస్తుంది. అతను ఏం తింటున్నాడు, ఎవరిని చూస్తే బెదురుతున్నాడు, బంధువులు పక్కన ఉంటే కుదుటపడుతున్నాడా అన్న గమనింపే ఇక్కడ చికిత్సలో సగం. ఆ తెలివిడిని నియమంగా మార్చి తరువాతి వారికి అందించే సభ ఆసుపత్రికి అవసరం. నర్సుల సంరక్షణ మండలి చేసేది ఆ పనే.

వార్డుల్లో వినిపించే భాషలు

ఈ అవసరం ఆదివాసులతో ఆగదు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3,80,581. వారిలో సుమారు 28 శాతం బెంగాలీ, 15 శాతం తమిళం, 13 శాతం తెలుగు మాతృభాషగా చెప్పారు. ఆ తెలుగువారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వలస వచ్చిన కుటుంబాలవారు. దీవులన్నింటికీ ఉమ్మడి భాష హిందీ. అయినా నొప్పి వచ్చినప్పుడు మనిషి నోట వచ్చేది అమ్మభాషే. ‘కడుపులో దేవుతోంది’, ‘ఒళ్లు తూలుతోంది’ అని శ్రీకాకుళపు ముసలమ్మ చెప్పేది చార్టులో ఎక్కాలంటే ఆ మాట అర్థమయ్యే మనిషి డ్యూటీలో ఉండాలి. ఏ వార్డులో ఏ భాష వచ్చినవారు ఉండాలన్నది రోస్టరు వేసేవారు పట్టించుకోవాల్సిన విషయం. దాన్ని ముందుగా పసిగట్టేది వార్డులోని నర్సే.

చట్టాలు, సంఘాలు

భారత నర్సులు 1908లోనే తమ జాతీయ సంఘాన్ని ఏర్పాటుచేసుకున్నారు. 1947లో వచ్చిన చట్టంతో భారత నర్సింగ్ మండలి ఏర్పడింది. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, సెలవుల కోసం అదనంగా 30 శాతం ఉండాలని ఆ మండలి ప్రమాణం. 1987లో ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార సంఘానికి సరోజినీ వరదప్పన్ నాయకత్వం వహించారు. నర్సింగ్ విషయాలను పై స్థాయిలో నర్సులే చూసేలా ప్రత్యేక అధికార స్థానాలు ఉండాలని ఆ సంఘం సూచించింది. ఏడో వేతన సంఘం తరువాత కేంద్ర ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సు నర్సింగ్ ఆఫీసర్ అయ్యారు. పాత చట్టానికి బదులుగా 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు.

ఈ చట్టాలు చదువును, నమోదును, వృత్తి ప్రవర్తనను నియంత్రిస్తాయి. ఒక ఆసుపత్రి లోపల నిర్ణయాలు ఎవరు తీసుకోవాలన్నది వాటి పరిధిలోకి రాదు. అది ఆసుపత్రి యాజమాన్యం, సూపరింటెండెంటు, నర్సులు కలిసి తేల్చుకోవాల్సిన సంగతి. కార్మిక సంఘం జీతం, సెలవులు, బదిలీల గురించి మాట్లాడుతుంది. భాగస్వామ్య మండలి మాట్లాడేది రోగి గురించి. ఒకటి ఉన్నంత మాత్రాన మరొకటి అక్కరలేకుండా పోదు.

అడ్డంకులు, అవసరాలు

ఈ పాలనకు మొదటి షరతు సమయం. నర్సుల సంఖ్య ప్రమాణం కంటే తక్కువైతే మండలి సమావేశం డ్యూటీ ముగిశాక మీదపడే అదనపు పనిగా మారుతుంది. సమావేశపు గంట డ్యూటీ గంటగా లెక్కకు రావాలి. రెండో షరతు అధికారం. నర్సులు తేల్చిన విషయాన్ని పైవారు కారణం చెప్పకుండా పక్కన పెట్టేస్తే రెండో సమావేశానికి ఎవరూ రారు. మూడోది దీవులకే ప్రత్యేకం. క్యాంప్‌బెల్ బే, నాన్‌కౌరీ, డిగ్లీపూర్‌లలో పనిచేసేవారు రాజధానిలోని సభకు రావాలంటే ఓడ కోసం రోజులు ఎదురుచూడాలి. వారికి ఫోన్ ద్వారా పాల్గొనే వీలు కల్పించకపోతే అత్యంత కఠినమైన నిర్ణయాలు తీసుకునేవారే సభకు దూరమవుతారు.

అంచనా

ఖైదీల పరిచర్య కాలం నుంచి పద్మశ్రీ దాకా అండమాన్ నర్సింగ్ చరిత్ర ఒకే సంగతి చెబుతుంది. ఇక్కడ నర్సుకు బాధ్యత ఎన్నడూ తక్కువ కాలేదు, అధికారమే బాధ్యత వెంట రాలేదు. అడవిలో, తుఫానులో, పడవ రాని రాత్రి ఒక ప్రాణం గురించి నిర్ణయించే అర్హత ఉన్న మనిషికి ఆ ప్రాణాన్ని కాపాడే నియమాలు రాసే బల్ల దగ్గర కుర్చీ ఉండాలి. అది నర్సు మీద దయతో ఇచ్చేది కాదు, రోగికి దక్కాల్సిన రక్షణ.