విమానపు ఱెక్కమీది వలయము



మా మనుమడు కఱ్ఱతో నొక విమానపు బొమ్మను జేసెను. అది 1944లో ఇంఫాలు యుద్ధమున భారత వాయుసేన మొదటి దళము నడపిన హరికేను విమానమునకు నమూనా. ఱెక్కలపై వలయములకు రంగు లెవ్వియని యడుగగా, "వెలుపల నీలము, పిదప తెలుపు, నడుమ ఎఱుపు" అంటిని. అది తప్పు.

ఈ వలయచిహ్నమును 1912లో ఫ్రాన్సువారు తొలుత నేర్పఱచిరి. వారికి నడుమ నీలము, వెలుపల ఎఱుపు. 1914లో యుద్ధము రాగా ఆంగ్లేయులు తమ జెండానే ఱెక్కలక్రింద వ్రాసికొనిరి. నేలమీది సిపాయిల కందలి శిలువ జర్మనుల శిలువవలె దోచెను. స్వపక్షమువారే తుపాకులు పేల్చిరి. అందుచే నాయేడే ఫ్రెంచివారి వలయమును గైకొని, రంగుల వరుసను త్రిప్పిరి.

1941 డిసెంబరున జపాను వీరిపై యుద్ధమునకు దిగెను. జపాను విమానములపై నున్నది ఎఱ్ఱని సూర్యబింబము. నడుమ ఎఱుపున్న విమానమును తనవారే శత్రువనుకొనుట కెంతసేపు? కావున బర్మా రంగమున ఎఱుపును దీసివైచిరి. 1944 నాటికి ముదురు నీలపు వలయములో లేత నీలపు చుక్క మాత్రము నిలిచెను. మన త్రివర్ణ వలయము 1950లో వచ్చినది: వెలుపల కాషాయము, పిదప తెలుపు, నడుమ ఆకుపచ్చ.

నా మాట నమ్మి పిల్లవాడు పూసిన ఎఱుపును ఇద్దరము గీకివైచితిమి. లేత రంగును నిండువృత్తముగా ముందు పూసి, అది బాగుగా నాఱిన పిదప, కంపాసుతో గీచి ముదురు వలయమును దిద్దితిమి. రంగు చెప్పుటకు ముందు నేను సంవత్సర మడుగవలసి యుండెను.