మాధవరం నుంచి ఆదోని యార్డుకు పత్తి ట్రాలీ

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మాధవరంలో మీరు ట్రాలీ తొట్టిలో నిలబడి లోడు సర్దుతున్నారు. పత్తి బోరాలతో పాటు కొన్ని వేరుశనగ మూటలు కూడా ఆదోని యార్డుకు పోవాలి. పత్తి ఎత్తు పెరుగుతుంది గానీ బరువంతా మూటలదే. కింద నుంచి మామ కేకేస్తాడు: "వెనక్కి వేయొద్దప్పా! ఎద్దులబండి తోలినోనికి చెప్పాల్నా? వెనక బరువైతే కాడి పైకి లేస్తాది. ముందు మరీ ఎక్కువైతే ఎద్దుల మెడ మీద పడతాది."

రెండు చక్రాల ట్రాలీకీ అదే లెక్క. ఇరుసుకు వెనక బరువు పడితే డ్రాబారు పైకి లేవాలని చూస్తుంది, ట్రాక్టరు వెనక చక్రాల పట్టు సడలుతుంది. మరీ ముందుకు నెడితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు అందదు. అందుకే మూటలను అడుగున, ఇరుసు మీదా దానికి కొంచెం ముందుకూ పేర్చి, పైన పత్తి వేసి మోకులు బిగిస్తారు. అమెరికాలో కారు వెనక ట్రైలరు లాగేవాళ్లు ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొండీ మీద పడేలా చూసుకుంటారు.

కిందికి దిగి కొండీ పిన్ను కదిపి చూడండి. అరిగిన పిన్ను రంధ్రంలో లొడలొడలాడితే ఊపు అక్కడే మొదలవుతుంది. రెండు టైర్లలో గాలి సమానంగా ఉందా? ఇక సీటెక్కి కుడికాలి దగ్గరి రెండు బ్రేకు పెడళ్లను కలిపే పట్టీ వేయండి. పొలంలో సాలు చివర తిరగడానికి విడిగా తొక్కే పెడళ్లవి. రోడ్డు మీద ఒక్కటే పడితే బండి ఆ పక్కకు గిరుక్కున తిరుగుతుంది. ఈ పట్టీని మరచిపోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం.

167వ నంబరు జాతీయ రహదారి. మంత్రాలయం బస్సులు, రాయచూరు లారీలు. దారిలో తెలిసినాయన ఆపి తన రెండు మూటలు వెనక తలుపు దగ్గర వేశాడు. వద్దనలేకపోయారు. రోడ్డు ఖాళీగా కనబడితే వేగం పెరిగింది. వంక దగ్గర దిగుడు. వెనక నుంచి లారీ దాటుతుంటే దాని గాలి ఎత్తైన పత్తి లోడును పక్కకు నెట్టింది.

ముందు సీటు కింద తెలుస్తుంది. ట్రాక్టరు నడుము ఎడమకు, ఆపైన కుడికి జరుగుతుంది. మూడోసారి ఇంకా ఎక్కువ. నెమ్మదిగా పోతుంటే ఈ ఊపు దానంతటదే సద్దుమణుగుతుంది. ఒక హద్దు దాటిన వేగంలో ప్రతి ఊపూ ముందు దానికంటే పెద్దదవుతుంది. మీ కాలు బ్రేకు మీదికి పోతోంది. వద్దు! ట్రాక్టరుకు బ్రేకులు సాధారణంగా వెనక చక్రాలకే. ట్రాలీకి అసలు లేవు. గట్టిగా తొక్కితే ట్రాక్టరు ఆగుతుంది, వెనకున్న బరువు ఆగదు. అది నెట్టి మిమ్మల్ని కొండీ దగ్గర మడిచేస్తుంది.

కాలు యాక్సిలరేటరు మీద నుంచి మెల్లగా తీయండి. చేతి యాక్సిలరేటరు లాగి ఉంటే దించండి. క్లచ్చు ముట్టుకోవద్దు, న్యూట్రల్ చేయవద్దు. గేరులో ఉన్నంతసేపూ ఇంజినే బండిని పట్టి ఆపుతుంది. ఊపుకు ఎదురు తిప్పాలని చేతులు లాగుతాయి, కానీ మీరు తిప్పేసరికి తోక రెండో పక్కకు వచ్చేసి ఉంటుంది, మీ తిప్పుడూ దానికి తోడవుతుంది. స్టీరింగు నేరుగా పట్టుకోండి. ఇంజిను గుర్రుమంటుంది. వేగం పడిపోతుంది. ఊపు తగ్గింది. ఇంకా తగ్గింది.

పూర్తిగా నిమ్మళించాక మార్జిన్‌లోకి దింపి ఆపండి. చక్రాల కింద రాళ్లు పెట్టి, ఆ రెండు మూటలు ముందుకు మోసి, మోకులు మళ్లీ బిగించి, పిన్ను మరోసారి చూడండి. ఎమ్మిగనూరు ఇంకా రాలేదు, ఆదోని ఆ పైన ఉంది. ఇక ప్రతి దిగుడుకు ముందే, పైన ఉండగానే, ఆ దిగుడును ఎక్కాలంటే ఏ గేరు వేస్తారో ఆ గేరులోకి మార్చుకుని దిగండి.