కార్లకు చోటు చూపు లెక్క

కార్లు హెచ్చిన కొలదీ నగరమధ్యమున వాటిని నిలుపుటకు చోటు కరవైనది. అమెరికాలోని ఓక్లహోమా సిటీలో ఉద్యోగుల కార్లే వీధి అంచులను రోజంతయు ఆక్రమింపగా, కొనుగోలుదారులకు చోటు దొరకకుండెను. పత్రికా సంపాదకుడు కార్ల్ మెగీ చొరవతో 1935 జూలై 16న అచట తొలి పార్కింగు మీటరు నెలకొన్నది. నాణెము వేసినచో అది కాలమును కొలుచును; ఖాళీ ఎచట నున్నదో చెప్పజాలదు.

వీధులు చాలక నగరములు పార్కింగు భవనములను నిర్మించుకొన్నవి. ఒకటి నిండియుండగా, సమీపములోని మరియొకటి ఖాళీగా నుండుట కద్దు. ఈ చిక్కు తీర్చుటకు 1971లో పశ్చిమ జర్మనీలోని ఆఖెన్ నగరమున దారి చూపు పలకలు వెలసినవి.

ఇట్టి పలకల వెనుక నుండునది కూడికలు, తీసివేతలే. సాధారణముగా భవన ద్వారముల వద్ద నేలలో పాతిన తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తు ప్రవహించును. కారు పైకి రాగానే దాని లోహమున సుడి విద్యుత్ప్రవాహములు పుట్టి, చుట్ట ప్రేరకత్వము తగ్గును. కారు లెక్కకు వచ్చును. 500 స్థలములున్న భవనములోనికి ఉదయము నుండి 430 కార్లు వచ్చి, 90 వెడలిపోయినచో ఖాళీలు 160.

కాని ఒక్క కారు లెక్క తప్పినను ఆ దోషము సరిదిద్దువరకు పోదు. కనుక తరువాత ప్రతి స్థలమునకు పైన, కప్పునకు, అతిధ్వని సాధనమును అమర్చిరి. ప్రతిధ్వని త్వరగా తిరిగివచ్చినచో క్రింద కారున్నదన్నమాట; ఎర్రదీపము వెలుగును. ఆలస్యమైనచో పచ్చదీపము.

అయినను దీపము ఉన్న ఖాళీని చూపునేగాని క్రొత్తచోటును సృష్టింపదు. అందుచేత 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరము ఖాళీల వివరములను ప్రజలకు తెలుపుచు, వీధి మీటర్లలోను, నగర పార్కింగు భవనములలోను గిరాకిని బట్టి రుసుము మార్చు పద్ధతిని ప్రారంభించినది. మెగీ మీటరు, ఆఖెన్ పలక అచట కలిసి పనిచేసినవి.