యుద్ధ వాతావరణం – బడిపిల్లల ప్రవర్తన
సాయుధ పోరు నడుమ పెరిగే చిన్న పిల్లల భయం మాటల్లో కన్నా నడతలోనే ఎక్కువగా బయటపడుతుంది. తలుపు ధడాలున పడితే బల్ల కింద దూరతారు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. అమ్మ కొంగు వదలరు, ఊరికే కొట్లాటకు దిగుతారు, పాఠం తలకెక్కదు. దీన్ని అల్లరి కింద జమకట్టి దండించడం అన్యాయం.

1940లో లండన్‌పై జర్మన్ బాంబుదాడులు మొదలయ్యాక హాంప్‌స్టెడ్‌లో శిశుగృహాలు నడిపిన మనోవిశ్లేషకులు అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ పసివాళ్ల ఆటలను దగ్గరుండి గమనించారు. ఇళ్లు కట్టడం, వాటిపై బాంబులు వేయడం వాళ్ల ఆటల్లోకి వచ్చేశాయి. అయినా బాంబుల కన్నా తల్లి ఎడబాటే పిల్లలను ఎక్కువగా కుంగదీస్తుందని వారు తేల్చారు. యుద్ధం కారణంగా లండన్ నుంచి కేంబ్రిడ్జ్‌కు తరలించిన బడిపిల్లలపై మనస్తత్వవేత్త సూసన్ ఐజాక్స్ సంపాదకత్వంలో 1941లో సర్వే వెలువడింది. అక్కడ ఏం నచ్చింది, ఏం వెలితిగా ఉందని పిల్లల చేతే రాయించారు.