మొటిమల గోళీ వెనుక మన భీమవరం

పోయిన ఎండాకాలం మా రూమ్‌లో ఉండే తమ్ముడొకడు మొటిమలకని స్నేహితుడి దగ్గర డాక్సీసైక్లిన్ గోళీలు తీసుకుని మింగాడు. సైట్‌లో నాలుగు రోజులు ఎండన పడేసరికి మెడ, చేతులు కాలినట్టు ఎర్రబడ్డాయి. ఈ గోళీ ఎక్కడిదో చూద్దామని మేము వెతకబోతే, కథ మన భీమవరం దాకా వెళ్లింది!

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు పెద్ద. రోగక్రిములను చంపే మందు మట్టిలోనే దొరుకుతుందని అక్కడ ఎన్నో చోట్ల నుంచి మట్టి తెప్పించి పరీక్షించేవారు. ఆయన దగ్గర పనిచేసిన బెంజమిన్ డగ్గర్ డెబ్బై దాటిన పెద్దమనిషి. 1945లో మిస్సోరి పొలం మట్టిలోంచి ఆయన ఆరియోమైసిన్ తీశారు. బంగారు రంగు కాబట్టి ఆ పేరు. టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటి మందు. అది లోకానికి తెలిసిన 1948లోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

1950లలో టెట్రాసైక్లిన్ వచ్చింది, మొటిమలకూ వాడసాగారు. చవకే గానీ ఖాళీ కడుపున మింగాలి. పాలు, పెరుగు, ఐరన్ గోళీ తోడైతే ఒంటికి సరిగా పట్టదు. 1967లో వచ్చిన డాక్సీసైక్లిన్‌కు ఆ పట్టింపు తక్కువ, అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవచ్చు. కానీ దానికి ఎండ పడదు. 1970ల మొదట్లో లెడర్లీ వాళ్లే తెచ్చిన మినోసైక్లిన్‌తో ఎండ బాధ తక్కువ, అయితే కొందరికి తల తిరుగుతుంది. స్కాఫోల్డింగ్ ఎక్కేవాడికి అది చిన్న సంగతా? చర్మం నీలంగా మారడం, అరుదుగా లివర్ దెబ్బతినడం కూడా ఉన్నాయి. పోనీ ఎక్కువ పనిచేస్తుందా అంటే, మిగతావాటికంటే మేలని 2012 కోక్రేన్ సమీక్షలో తేలలేదు.

ఎరిత్రోమైసిన్‌ది మన పక్క రూమ్ ఫిలిప్పీన్స్ వాళ్ల మట్టి. 1949లో డాక్టర్ అబెలార్డో అగిలార్ ఇలోయిలో మట్టిని లిల్లీ కంపెనీకి పంపితే, 1952లో మందుగా వచ్చింది. ఆయనకు రాయల్టీ దక్కలేదని ఆ దేశంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాడగా వాడగా మొటిమల క్రిములు దానికి లొంగడం మానేశాయి. అందుకే ఇప్పుడు తక్కువగా రాస్తారు, ముఖ్యంగా టెట్రాసైక్లిన్ జాతి పడని గర్భిణులకు.

మా తమ్ముడు గోళీలు ఆపి క్లినిక్‌కు వెళ్లాడు. రోజంతా ఎండలో పని అని చెప్పగానే, డాక్టర్ గోళీ జోలికి పోకుండా బెంజాయిల్ పెరాక్సైడ్ పూత రాశారు. స్నేహితుడి గోళీలు స్నేహితుడికి తిరిగి ఇచ్చేశాడు.