ఆల్టియాన్ పెట్టె

ఇంటర్ ఫలితాల రోజు మెదక్ రాందాస్ చౌరస్తా దగ్గరి నెట్ సెంటర్ల ముందు హాల్‌టికెట్లు పట్టుకుని పిల్లలు గుంపు కడతారు. "అన్నా, ఇంకొక్కసారి కొట్టు!" పేజీ రాదు. సర్వర్ డౌన్ అంటారు. రాష్ట్రమంతా ఒకే నిమిషంలో ఒకే చిరునామాకు వచ్చి పడినప్పుడు, ఆ తాకిడిని పది సర్వర్లకు పంచాల్సిన పెట్టె ఒకటి ఉంటుంది. దాని పేరు లోడ్ బ్యాలెన్సర్. అలాంటి పెట్టెల్లో పేరుమోసిన ఆల్టియాన్ గతి తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఆల్టియాన్‌కు పని చెప్పడంలో ఒక పద్ధతి ఉండేది. ముందు అసలు సర్వర్లను ఒక్కొక్కటిగా ‘రియల్’ అని వాటి ఐపీ చిరునామాలతో నమోదు చేయాలి. వాటిని ఒక గ్రూపులో చేర్చాలి. ఆపైన జనానికి కనిపించే ఒకే ఒక్క ‘వర్చువల్’ చిరునామా ఇచ్చి, దానికి ఆ గ్రూపును కట్టాలి. ఇంతా రాసినా ‘అప్లై’ కొట్టేదాకా ఏదీ అమలుకాదు. ‘సేవ్’ మరిచి రీబూట్ చేస్తే అంతా గల్లంతే. ‘అప్లై’ కొట్టినప్పటినుంచి పెట్టె కొన్ని సెకన్లకోసారి ప్రతి సర్వర్‌నూ పలకరిస్తుంది. వరసగా జవాబు రాకపోతే దాన్ని పక్కనపెట్టి మిగతావాటికి పని పంచుతుంది. కోలుకున్నాక మళ్లీ వరసలోకి తీసుకుంటుంది. భారం మోయలేనివాడిని ఇంత ఓపికగా చూసుకునే యంత్రాన్ని తయారుచేసినవాళ్ల మీద నాకు గౌరవం.

2000 జూలైలో కెనడా టెలికాం దిగ్గజం నోర్టెల్ ఆల్టియాన్ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. ధర 780 కోట్ల డాలర్లు. నగదు లేదు, అంతా షేర్లే. ఆ నెలలోనే నోర్టెల్ షేరు టొరంటోలో 124 కెనడా డాలర్లు దాటింది. నోర్టెల్ అప్పటి కొనుగోళ్లు చాలావరకు ఆ ఒక్క షేరు ధర మీదే నిలబడ్డాయి. అది కూలితే భారం పంచుకోవడానికి పక్కన మరొకటి లేదు. రెండేళ్లలో షేరు డాలర్ లోపుకు పడింది. 90 వేలకు పైగా ఉన్న ఉద్యోగుల్లో మూడింట రెండొంతుల మంది వీధిన పడ్డారు. 2004లో లెక్కల వివాదంలో సీఈఓ ఫ్రాంక్ డన్‌ను తొలగించారు. 2013లో కోర్టు ఆయన్ని నిర్దోషిగా తేల్చింది, కానీ అప్పటికి కంపెనీయే లేదు.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకుంటూ రాసిన లేఖతో హైదరాబాద్ నిర్ఘాంతపోయింది. అందులో పనిచేసే పిల్లల జీతాల మీద ఇల్లు కట్టుకుంటున్న మన ఊళ్ల తల్లిదండ్రులు టీవీల ముందు నుంచి కదల్లేదు. సరిగ్గా వారానికి, జనవరి 14న, నోర్టెల్ దివాలా పిటిషన్ వేసింది. ఇక్కడ సత్యం గొడవలో ఆ వార్త ఎవరికీ పట్టలేదు.

ఆ వసంతంలో ఆల్టియాన్‌ను ఇజ్రాయెల్‌కు చెందిన రాడ్‌వేర్ కొనుక్కుంది. రెండు కోట్ల డాలర్ల లోపే! రాడ్‌వేర్ ఆ పేరును నిలబెట్టింది, పెట్టెలు ఇప్పటికీ అమ్ముతోంది. మనుషుల విషయంలో అలా జరగలేదు. జబ్బుపడి పనిచేయలేని నోర్టెల్ ఉద్యోగులకు కెనడాలో వచ్చే భృతి 2010 డిసెంబర్ 31తో ఆగిపోయింది. 2011లో నోర్టెల్ పేటెంట్లు 450 కోట్ల డాలర్లకు పోయాయి. ఆ డబ్బు ఏ దేశపు అప్పులవాళ్లకు ఎంత చెందాలన్న తగవు ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. 2017లో పంపకం మొదలయ్యేసరికి, ఎదురుచూసిన పింఛనుదారుల్లో ఎందరో కన్నుమూశారు.